రెండు నిజాలు, ఒక పుళుగు

నేను రాస్తున్న ఈ ముక్కలు మా గుంపులో ఎవరూ చదవలేరు. అందరం ఇంట్లో తెలుగే మాట్లాడతాం. తరాలుగా పుదుచ్చేరి బజారులో తెలుగులోనే బేరాలాడుకుంటాం, తెలుగులోనే తిట్టుకుంటాం. అక్షరాలు మాత్రం ఎవరికీ రావు. తమిళం చదువుతారు, ఇంగ్లీషు చదువుతారు, తెలుగు కాగితం చూపిస్తే తలకిందులుగా పట్టుకుంటారు. నాకు మా అమ్మమ్మ పలక ఇచ్చి, చెవి మెలిపెట్టి మరీ దిద్దించింది. కాబట్టి ఇక్కడ వాళ్ళ గురించి నేను ఏం రాసినా అడిగేవాళ్ళు లేరు. ఆ ధైర్యంతోనే మొదలుపెడుతున్నాను.

మాది సైన్స్ ఫిక్షన్ పిచ్చి ఉన్నవాళ్ళ గుంపు. పేరంటూ లేదు. పేరు పెడదామని ఒకసారి కూర్చుని సాయంత్రమంతా కొట్లాడుకున్నాం. పేరు లేకపోతే గ్రహాంతరవాసులు మన అడ్రసు కనిపెట్టలేరని చివరికి తీర్మానం చేసుకుని లేచాం. మాలో శాస్త్రవేత్త అన్నవాడు ఒక్కడూ లేడు. నాది గుండీలు, జిప్పులు, లేసులు అమ్మే కొట్టు. మా పక్కది స్టీలు పాత్రల కొట్టు, అది మామది. మామ అంటే నాకు చుట్టం కాదు, బజారు మొత్తానికీ ఆయన మామే. ఆయన భార్య అందరికీ అత్త. ఇంకొకతను సేదరపేట్‌లో ప్లాస్టిక్ మూతలు చేసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. నన్ను అక్కా అంటాడు కాబట్టి ఇక్కడ అతన్ని తమ్ముడు అందాం. నాలుగో మనిషి హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పే టీచరమ్మ. అప్పుడప్పుడూ ఇంకో ఇద్దరు ముగ్గురు వచ్చి కాఫీ తాగి పోతుంటారు, వాళ్ళను లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

ఆదివారం సాయంత్రం అందరం మామ మేడ మీద చేరతాం. కింద ముందు కొట్టు, వెనక ఇల్లు, పైన డాబా. డాబా నిండా అట్టపెట్టెలు, పిడి ఊడిన కుక్కర్లు, సొట్టలు పడిన బిందెలు. వాటి మధ్యలో చాప పరుచుకుని మేం విశ్వాన్ని చక్కబెడతాం. చంద్రుడి మీద పగలే రెండు వారాలుంటుంది కదా, అక్కడ ఏకాదశి ఉపవాసం పట్టినవాడి గతేమిటి? అంతరిక్ష కేంద్రంలో రోజుకు పదహారుసార్లు పొద్దు పొడుస్తుందట, అక్కడ కొట్టు పెడితే ఎన్నిసార్లు సాంబ్రాణి వెయ్యాలి? అంగారకుడి మీద గురుత్వాకర్షణ తక్కువ కాబట్టి పులిసిన దోసెపిండి గిన్నె దాటి ఎక్కడిదాకా పోతుంది? ఈ దోసెపిండికి టీచరమ్మ నిజంగానే లెక్క వేసుకొచ్చింది. అందులో తమ్ముడు తప్పు పట్టాడు. ఆ తరవాత కొన్నాళ్ళు ఇద్దరికీ మాటల్లేవు.

ఒకసారి మామకు గ్రహాంతరవాసుల సంకేతాలు వినాలని బుద్ధి పుట్టింది. అలాంటివి వినడానికి పెద్ద పెద్ద గిన్నెల్లాంటి డిష్షులు పెడతారని టీచరమ్మ నోరు జారింది.

"గిన్నెలకు నా దగ్గర కరువా ఏంది?" అన్నాడు మామ.

కల్యాణ మంటపాలకు అమ్మే అండాల్లో అన్నిటికన్నా పెద్దదాన్ని ఆటో ట్రాలీ ఎక్కించి వీరాంపట్టినం సముద్రం ఒడ్డుకు చేర్చాడు. బజారు రొదలో ఏ నక్షత్రం మాటా వినపడదని ఆయన వాదన. ఇసకలో అండాను ఆకాశం వైపు వంచిపెట్టి, వంతులేసుకుని తలలు లోపల పెట్టాం. నాకు సముద్రం వినపడింది. తమ్ముడికి తన కడుపు వినపడింది. మేం మరిచిపోయిన సంగతేమిటంటే అది తమిళుల ఆడి నెల. ఆ నెలంతా అమ్మవారి పేరు చెప్పి అండాలకొద్దీ అంబలి కాచి పోస్తారు. మేం తలలు బయటికి తీసి చూసేసరికి వెనక చెంబులు, గిన్నెలు, టిఫిన్ డబ్బాలు పట్టుకుని జనం బుద్ధిగా వరసలో నిలబడి ఉన్నారు. అందరికన్నా ముందున్న పెద్దావిడ అండాలోకి తొంగిచూసి, ఇంకా కాచలేదా అని తమిళంలో గద్దించింది.

నక్షత్రాల కోసం వచ్చామని ఆవిడతో చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. మామ గొంతు సవరించుకుని "సాయంత్రానికి" అన్నాడు. అన్న పాపానికి రాగిపిండి కొని, కట్టెలు అడుక్కుని, ఆ అండాలోనే అంబలి కాచి పోసి, కళ్ళు మండుతూ ఇంటికొచ్చాం. విశ్వంలో మనం ఒంటరివాళ్ళం కాదని తేల్చడానికి వెళ్ళాం. తేలింది కూడా. వరస ఆ చివరి పడవ దాకా ఉండింది.

మా గుంపులో ఒక పద్ధతి ఉంది. వచ్చిన ప్రతివాళ్ళూ మూడు మాటలు చెప్పాలి. మూడూ సైన్సు సంగతుల్లాగే వినపడాలి. అందులో రెండు నిజం, ఒకటి పుళుగు. పుళుగంటే మా ఊరి మాటలో పచ్చి అబద్ధం, తమిళం దగ్గర తీసుకుని తిరిగివ్వడం మానేసిన మాట. ఏది పుళుగో మిగతావాళ్ళు చేతులెత్తి చెప్పాలి. దొరికిపోతే చెప్పినవాళ్ళు ఒక చెంచాడు మెంతులు నమిలి మింగాలి, నీళ్ళు తాగకూడదు. దొరక్కపోతే తప్పు చెప్పినవాళ్ళందరూ నమలాలి. ఫోను తీసి వెతికినవాళ్ళకు రెండు చెంచాలు.

ఆస్ట్రేలియాలో వాంబాట్ అనే జంతువు పెంటికలు పాచికల్లాగా నలుచదరంగా వేస్తుందని టీచరమ్మ చెప్పిన రోజు మేం పొట్టలు పట్టుకుని నవ్వి, అదే పుళుగని చేతులెత్తాం. అది నిజం. నమిలాం. అరటిపండు శాస్త్రప్రకారం బెర్రీ అట, స్ట్రాబెర్రీ కాదట. అది తమ్ముడు చెప్పాడు, అదీ నిజమే, మళ్ళీ నమిలాం. నా పుళుగుల్లో నేను ఇప్పటికీ గర్వంగా చెప్పుకునేది ఒకటుంది. జిరాఫీ గురక పెడితే ఆ చప్పుడు మెడంతా ఎక్కి బయటికి రావడానికి అర నిమిషం పడుతుందని చెప్పాను. టీచరమ్మ కూడా నమ్మింది. నమ్మడమే కాదు, మర్నాడు క్లాసులో చెప్పేసింది కూడా.

మామ మాత్రం ప్రతివారం దొరికిపోయేవాడు. సంగతుల ఎంపికలో లోపం లేదు, లోపమంతా ఆయన గొంతులో ఉండేది. నిజం చెప్పేటప్పుడు ఆ గొంతు చెక్కబల్లలాగా చదునుగా ఉండేది. పుళుగు దగ్గరికి వచ్చేసరికి మాట చివర కొంచెం పైకి లేచి, తియ్యబడిపోయేది. "తీసుకో తల్లీ, మూడు తరాలొస్తాది" అని గిరాకీకి చెప్పే గొంతు అది. ఆ గొంతు విని మేం పుట్టి పెరిగాం, మమ్మల్ని ఎలా ఏమారుస్తాడు? వారం వారం మెంతులు ఆయనకే. అత్తకు మాత్రం మా మీద ఎంతో ప్రేమ.

"మీ పుణ్యాన ఈయప్పకు షుగరు దిగింది పాపా, డాక్టరు వల్ల కాలేదు" అనేది నాతో.

మామ మాకొక కథ చెప్పేవాడు. ఏళ్ళ తరబడి సాగుతున్న కథ. అందులో ఒక పాత్రల వ్యాపారి రాకెట్ ఎక్కి, ఎనిమిది చేతుల జీవులుండే లోకంలో బ్రాంచి తెరుస్తాడు. ఒక్కొక్కరికి ఎనిమిదేసి గరిటెలు అమ్మొచ్చని అతని ఆశ. ఆ బ్రాంచిలో గుమాస్తా ఒక రోబో. రోబో మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా మామ ఖాళీ స్టీలు చెంబు తీసి మూతికి ఆనించుకుని, ఒక్కొక్క అక్షరమే లోపలికి వదిలేవాడు.

"వ-ణ-క్కం. అ-మ్మి-న స-రు-కు వా-ప-సు తీ-సు-కో-ము."

చెంబు గొంతు మా అందరికీ అంటుకుంది. ఫోన్లో కూడా చెంబు పెట్టుకునే పలకరించుకునేవాళ్ళం. తమ్ముడు ఫ్యాక్టరీలో ఒకసారి మూతల డబ్బాలో మూతి పెట్టి మాట్లాడుతుండగా మేనేజరు చూశాడు. ఆ కథ వేరే.

తరవాత మామ గొంతు బొంగురుపోయింది. మొదట మెంతుల మహిమ అని ఏడిపించాం. ఎన్నాళ్ళైనా తగ్గలేదు. ఆసుపత్రికి తీసుకెళితే గొంతులో కేన్సరన్నారు. స్వరపేటిక మొత్తం తీసేశారు. ఊపిరి తీసుకోవడానికి మెడ కింద ఒక రంధ్రం మిగిల్చారు, దాని మీద తెల్లగుడ్డ కట్టుకోవాలి. ఈ వార్త విన్న రోజు నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఎవరి మీదని అడిగితే చెప్పలేను. మా బజారులో పొద్దుట్నించీ ఊరికే అరిచే గొంతులు ఎన్నో ఉన్నాయి, వాటన్నిటినీ వదిలిపెట్టి ఈ మనిషి గొంతే కావాల్సొచ్చిందా అని ఆ రోజంతా గుండీల డబ్బాలు ఎత్తి ఎత్తి కుదేశాను.

ఆయనకు ఒక మిషను ఇచ్చారు. చిన్న టార్చిలైటంత ఉంటుంది. దవడ కింద ఆనించి బటన్ నొక్కి పెదాలు కదిపితే మాట వస్తుంది. ఎత్తూ పల్లమూ లేకుండా, ఒకే శ్రుతిలో జుయ్యిమంటూ వస్తుంది. ఆయన ఇంటికొచ్చాక చూడ్డానికి వెళ్ళాను. కుర్చీలో కూర్చుని, మిషను ఆనించుకుని, "రా పాపా, కూర్చో" అన్నాడు.

అది చెంబు గొంతు. అచ్చంగా, అక్షరం తేడా లేకుండా, ఆయన రోబో గుమాస్తా గొంతు. నాకు తెలిసింది. నాకు తెలిసిందని ఆయనకూ తెలిసింది. ఇద్దరం గోడ మీద కేలెండరు వైపు చూస్తూ కూర్చున్నాం.

అప్పట్నించీ ఆయన మేడ ఎక్కడం మానేశాడు. మేడ ఆయనది, చాప ఆయనది, మేం తాగే కాఫీ ఆయన ఇంటిది. ఆయన కింద కూర్చునేవాడు, మేం పైన కూర్చునేవాళ్ళం. కొట్టులో గిరాకీ ఏదన్నా అడిగితే అత్తే జవాబు చెప్పేది, ఆయన తలూపేవాడు. మిషనుకు చార్జింగ్ లేదని సైగ చేసేవాడు. చార్జింగ్ ఉండేది. ఆ కథలోని వ్యాపారి ఎనిమిది చేతుల లోకంలో ఎక్కడ ఆగాడో అక్కడే ఆగిపోయాడు. ఆయన లేకుండా మా ఆదివారాలు చప్పగా తయారయ్యాయి. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే మామ మాకు దక్కడన్న భయం ముగ్గురిలోనూ ఉంది.

చివరికి అత్తే బతిమాలి, పోరి, ఒక ఆదివారం ఆయన్ని మెట్లెక్కించడానికి ఒప్పించింది. ముందుగా మాకు చెప్పింది. అక్కడే మేం గొప్ప తెలివి చూపించాం. టీచరమ్మ నియమాలు పెట్టింది, బడిలో ఆమెకు అదే పని కదా. చెంబులన్నీ అట్టపెట్టెల్లో దాచేయాలి. రోబో అన్న మాట ఎత్తకూడదు. మెంతులు తేకూడదు. మామ మాట్లాడుతుంటే ఎవరూ నవ్వకూడదు. తమ్ముడూ నేనూ బుద్ధిగా తలలూపాం. ఏళ్ళ తరబడి పనికిరాని ప్రశ్నలకు జవాబులు వెతికిన బుర్రలు మావి. అవసరమైన రోజున ఇంతకన్నా మంచి ఆలోచన ఒక్కటీ పుట్టలేదు.

మామ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడకు ఉతికిన తెల్లగుడ్డ. చాప మీద కూర్చుని, మిషను ఆనించుకుని మూడు మాటలు చెప్పాడు.

"సొరచేపలు చెట్ల కంటే ముందు పుట్టినాయి. తేలు మీద అతినీలలోహిత కాంతి వేస్తే మెరుస్తాది. శనిగ్రహం చుట్టూ ఉండే వలయాలు స్టీలుతో చేసినవి, అందుకే తుప్పు పట్టవు."

చెప్పి మా వైపు చూశాడు. మేం పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళలాగా సర్దుకుని కూర్చున్నాం.

"ఎంత బాగా చెప్పినారు మామా" అంది టీచరమ్మ.

"అన్నీ నిజమే మామా, పుళుగే లేదు" అన్నాడు తమ్ముడు.

నేను చప్పట్లు కొట్టాను. నిజంగానే కొట్టాను.

మామ ఒక్కొక్కరి ముఖమూ చూసుకుంటూ వచ్చాడు. నా దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాడు. మళ్ళీ మిషను నొక్కాడు.

"సచ్చినోడికి సెప్పినట్ల సెప్తాండారు. నేను ఇంగా సావలేదు."

కోపానికి పైకి లేవడానికి ఆ గొంతులో చోటు లేదు. రెండు మాటలూ సొరచేపల సంగతి చెప్పినంత చదునుగానే వచ్చాయి. ఆయన లేచి మెట్లు దిగుతుంటే ప్రతి అడుగూ కింద కొట్టులో పాత్రల దాకా అదిరింది. మామకు ఎంత కోపమొచ్చిందో ఆ పాత్రలు చెప్పాయి.

ఆ తరవాత ఆయన నన్ను చూస్తే లోపలి గదిలోకి వెళ్ళిపోవడం మొదలుపెట్టాడు. త్వరలో స్కాను ఉందని, మళ్ళీ ఎక్కడన్నా మొలిచిందేమో చూస్తారని అత్త చెప్పింది. చెప్పి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజంతా నాకు కొట్టులో కూర్చోబుద్ధి కాలేదు. మధ్యాహ్నం షట్టరు సగం దించి, తిన్నగా పక్క కొట్టులోకి వెళ్ళాను. మామ గల్లాపెట్టె దగ్గర ఉన్నాడు. అత్త ఒక గిరాకీకి ఇడ్లీ పాత్ర చూపిస్తోంది. మామ లేవబోయాడు. నేను దారికి అడ్డంగా నిలబడి, అరలోంచి కొత్త చెంబు ఒకటి తీసి మూతికి ఆనించుకున్నాను.

"వ-ణ-క్కం. అ-మ్మి-న మా-మ-ను వా-ప-సు తీ-సు-కుం-టా-రా?"

ఇడ్లీ పాత్ర చూస్తున్న ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. అత్త కళ్ళు పెద్దవి చేసి బిగుసుకుపోయింది. మామ నావైపు చూస్తున్నాడు. ఆ చూపులో ఏముందో నాకు అర్థం కాలేదు, చెంబు మాత్రం దించలేదు. ఆయన నిదానంగా మిషను తీసుకుని దవడ కింద పెట్టుకున్నాడు.

"అది కొత్త సరుకు. ఎంగిలి చేసినావు. ఇంగెవురు కొంటారు?"

"ఆ-ది-వా-రం మే-డ మీ-ద-కి రా-క-పో-తే, మీ అం-డా-లు అ-న్నీ ఎం-గి-లి చే-స్తాం" అన్నాను చెంబులోంచే.

ఆయన భుజాలు కదిలాయి. మొదట ఊపిరాడటం లేదేమోనని భయపడ్డాను. నవ్వుతున్నాడు. ఆ నవ్వుకు చప్పుడు లేదు. మెడ దగ్గరి తెల్లగుడ్డ మాత్రం లేస్తూ పడుతూ ఉంది. అత్త ఇడ్లీ పాత్ర కింద పెట్టి గోడ వైపు తిరిగి ముఖం తుడుచుకుంది. నేను చెంబు దించి నా గొంతుతో మాట్లాడాను.

"మామా, ఆ పొద్దు మేం నీకు మర్యాద చేసినాం. ఇంగ చెయ్యం."

"ఒట్టు?"

"ఒట్టు."

"మెంతులు?"

"ఉంటాయి మామా, యాడికి పోతాయి?"

"సరి" అన్నాడు. ఆ చెంబు మాత్రం నా చేతే కొనిపించాడు.

టీచరమ్మ మళ్ళీ ఒక నియమం పెట్టింది. ఈసారి పనికొచ్చేదే. మెంతులు తినొచ్చో లేదో డాక్టర్ని అడిగి రావాలంది. మామ అడిగాడు. తినొచ్చు, ముక్కుకు వాసనలు పెద్దగా తెలియకపోయినా నాలుకకు చేదు తెలుస్తుంది అని చెప్పి, ఎందుకని డాక్టరు తిరిగి అడిగాడట. మామ మిషను జేబులో పెట్టేసుకున్నాడట. ఇంట్లో అత్త మందలింపు మొదలవగానే కూడా ఆయన అదే చేస్తాడు. మిషను తీసి జేబులో పెట్టుకున్న మనిషితో ఎంతసేపని పోట్లాడుతుందావిడ?

ఆ ఆదివారం నుంచి మామ మేడ మీద కూర్చున్నాడు. అప్పుడు మాకొక భయంకరమైన సంగతి తెలిసింది. మామ దొరకడం లేదు. మాట చివర లేచి తియ్యబడే ఆ గొంతు లేదు కదా. నిజానికీ పుళుగుకీ ఒకే జుయ్యి. మేం చెవులు రిక్కించి వింటాం, ఒకళ్ళ ముఖాలొకళ్ళం చూసుకుంటాం, తప్పు చెయ్యి ఎత్తుతాం, మెంతులు నమలుతాం. ఇన్నేళ్ళ బాకీ వారం వారం వసూలు చేసుకున్నాడు. పైగా మేం నమిలేటప్పుడు చెంబు తీసి, మిషను చప్పుడు అందులోకి వదిలి, "తీ-సు-కో త-ల్లీ, మూ-డు త-రా-లొ-స్తా-ది" అనేవాడు. ఇంత గర్విష్ఠి మనిషిని నేను జన్మలో చూడలేదు. తమ్ముడైతే వాళ్ళ ఫ్యాక్టరీ చెకప్‌లో తనకు షుగరు మరీ తక్కువ చూపించిందని, దానికి మామే బాధ్యుడని గోల పెట్టాడు.

తరవాత స్కాను వారం వచ్చింది. ఆసుపత్రికి వెళ్ళొచ్చిన రోజు కొట్టు తెరవలేదు. మర్నాడు సగం షట్టరే ఎత్తారు. అత్త బయటికి రాలేదు. స్కాను సంగతి నువ్వడుగంటే నువ్వడుగని ముగ్గురం ఒకరి మీద ఒకరం నెట్టుకుంటూ ఆదివారం దాకా లాక్కొచ్చాం.

ఆ రోజు మామ ఆలస్యంగా మేడ ఎక్కాడు. చాప మీద కూర్చున్నాడు. మెంతుల డబ్బా మధ్యలోకి జరిపాడు. ముందు నేను చెప్తానని సైగ చేసి, మిషను ఆనించుకున్నాడు.

"ఆక్టోపస్సుకి మూడు గుండెలు."

కొంచెం ఆగాడు.

"శుక్రుడి మీద ఏడాది కంటే ఒక రోజే ఎక్కువ సేపు ఉంటాది."

మళ్ళీ ఆగాడు.

"స్కాను రిజల్టు వచ్చింది. ఏమీ లేదన్నారు."

మిషను దించి ఒళ్ళో పెట్టుకుని మా వైపు చూస్తూ కూర్చున్నాడు.

మా పద్ధతి ప్రకారం మూడింట్లో ఒకటి పుళుగు కాక తప్పదు. మొదటి రెండూ మా గుంపులో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ఆక్టోపస్సు గుండెలను టీచరమ్మే ఒకప్పుడు అట్టపెట్టె మీద బొమ్మ గీసి చూపించింది. శుక్రుడు తన చుట్టూ తాను ఒకసారి తిరిగేలోపు సూర్యుడి చుట్టూ తిరిగి వచ్చేస్తాడు. దాని మీద తమ్ముడు ఒక కథే అల్లాడు. అందులో పుట్టినరోజు కేకు కోసే లోపల ఇంకో పుట్టినరోజు వచ్చేస్తుంది. ఆ రెండూ నిజమైతే ఇక మిగిలేది మూడోది. నేను ఆ మూడో మాటను మనసులో తిప్పి తిప్పి విన్నాను. చివర లేచిందా? తియ్యబడిందా? ఏమీ లేదు. చదునుగా వచ్చింది, చదునుగా ఆగింది. ఆ మిషనును అక్కడే నేలకేసి కొట్టాలనిపించింది.

ఎవరూ చెయ్యి ఎత్తడం లేదు. టీచరమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. ఉన్నట్టుండి తమ్ముడు గొంతు పెద్దది చేశాడు.

"మూడు గుండెలా? ఎవురు సూసినారంట? ఆక్టోపస్సుది కండిప్పా పుళుగే!" అని చెయ్యి ఎత్తేశాడు.

టీచరమ్మ ముక్కు ఎగబీల్చింది. తన చేత్తో మూడు గుండెల బొమ్మ గీసిన ఆ మనిషి చెయ్యి పైకెత్తి, "నేనూ అదే అంటాను. అంత చిన్న జంతువుకు మూడెందుకు, ఒకటి చాలు" అంది.

నాకు ఆవేశం వచ్చేసింది. చేతులు రెండూ ఎత్తాను. "ఆక్టోపస్సుకి ఒక్కటే గుండె మామా. మూడని ఏ పుస్తకంలో ఉన్నా ఆ పుస్తకం తప్పు. కావాలంటే ఇప్పుడే పిళ్ళైచావడి పోయి, వలలో పడిందాన్ని పట్టుకొచ్చి నీ ముందర కోసి చూపిస్తా. ఒక్కటే!" అని అరిచాను.

మామ మా ఎత్తిన చేతులు వేలితో లెక్కపెట్టుకున్నాడు. మిషను తీసుకున్నాడు.

"మూడు గుండెలే. అందురూ తప్పు. ఈ పొద్దు పుళుగే లేదు. మూడూ నిజమే."

మేం ఎత్తిన చేతులు దించలేదు. ఆ మాట కూడా అదే శ్రుతిలో వచ్చింది మరి. ఎలా నమ్మాలి?

"ఆ పొద్దు నేను స్టీలు వలయాలని పుళుగు సెప్తే మూడూ నిజమన్నారు గదా. దానికి ఇది" అన్నాడు.

నేను లేచి పిట్టగోడ దగ్గరికి పరిగెత్తి వెనక వాకిట్లోకి వంగి, "అత్తా! స్కానులో ఏమన్నారు?" అని కేకేశాను.

"ఏమీ లేదన్నారు గదా! ఇంగా సెప్పలేదా ఆయన?" అత్త కేక బజారు చివరిదాకా వినపడే ఉంటుంది. "ఆదివారం దాకా ఎవురికీ సెప్పొద్దని ఒట్టు పెట్టి, కొట్టులో కూడా నిలవనీయకుండా సంపినాడు నన్ను! నా ముఖం సూస్తే మీరు కనుక్కుంటారంట!"

తమ్ముడు చాప మీద వెల్లకిలా పడిపోయాడు. టీచరమ్మ మామను తిడుతోంది, ఏడుస్తోంది, మళ్ళీ తిడుతోంది. బడిలో ఆ మాటలు ఎక్కడ నేర్చుకుందో నాకు తెలియదు. నేను పిట్టగోడను వదల్లేదు. ఆక్టోపస్సు మూడింటితో ఎలా నెట్టుకొస్తుందో గానీ, నాకున్న ఒక్క గుండెకే ఆ పూట కాళ్ళు నిలవలేదు. వచ్చి ఆయన ముందు కూర్చుని, "నీకు బుద్ధి ఉందా మామా?" అని అడిగాను. లేదని తలూపాడు.

పద్ధతి పద్ధతే. తప్పు చెయ్యి ఎత్తినవాళ్ళం ముగ్గురం నమలాలి. పుళుగు లేకుండా మూడూ నిజాలే చెప్పి ఆట చెడగొట్టినందుకు ఆయనా నమలాలి. మామే ముందుగా డబ్బా మూత తీసి చెంచా నిండా తీసుకుని నోట్లో పోసుకున్నాడు. మేమూ పోసుకున్నాం. నలుగురం ఎదురెదురుగా కూర్చుని కరకర నములుతున్నాం. చేదు చెవుల దాకా ఎక్కుతోంది. మామ కనుబొమలు ముడిపడ్డాయి. మూతి ఒక పక్కకు పోయింది. ఒక కన్ను దానంతటదే మూసుకుపోయింది.

"ఎట్లుండాది మామా?" అని అడిగాను.

ఆయన కష్టపడి మింగి, మిషను దవడ కింద పెట్టుకున్నాడు.

"తియ్యగా ఉండాది."

"పుళుగు!" అని ముగ్గురం ఒక్కసారే అరిచాం.